రేడియో చెప్పకుండా వెళ్లిన ఎత్తు

పెళ్లయిన కొత్తలోనే ఆమె భర్త మౌనానికి ఒక కారణం వెతికిపెట్టుకుంది. ఆయనది బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు. పొద్దున్న కుర్చీలో కూర్చుంటే సాయంత్రం లేచేదాకా, అద్దానికున్న కంతలోంచి జనం ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఆ బస్సు వెళ్లిపోయిందా, ఈ బస్సు ఎప్పుడొస్తుంది, ఎందుకింకా రాలేదు, మా సంచీ ఎవరైనా తెచ్చిచ్చారా. అంతమందికి జవాబులు చెప్పి వచ్చిన మనిషికి ఇంటికొచ్చాక నోరు పెగలకపోతే అందులో వింతేముంది, మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతాయి పాపం, అనుకుంది. అలా సరిపెట్టుకుని జుట్టు నెరిసేదాకా కాపురం చేసింది.

ఇంట్లో ఆయనకున్న మాటలు "ఊఁ", "ఉహూఁ", "సరే", "వస్తా". కూరలో ఉప్పెక్కువైనా "ఊఁ" అనేవాడు, ఇంటివాడు ఖాళీ చేయమంటున్నాడని చెప్పినా "ఊఁ" అనేవాడు. చెడ్డవాడు కాదు. చెయ్యెత్తింది లేదు, గొంతు పెంచింది లేదు. ఆమెకు జ్వరమొస్తే మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కూర్చునేవాడు, అంతే. పిల్లలు లేరు. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరు నోరు విప్పకపోతే రెండోవాళ్లు ఇద్దరి మాటలూ మాట్లాడాలి. ఆ పని ఆమె చేసింది.

ఆమెది కర్టెన్లు కుట్టే పని. షాపువాళ్లు చిరునామా చెబితే టేపు, పెన్సిలు సంచీలో వేసుకుని ఆ ఇంటికెళ్లి కిటికీలు కొలుచుకుని వచ్చేది. కుట్టడం మాత్రం ఇంట్లోనే, ముందుగదిలో. పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కుచ్చిళ్లు పెట్టి, అస్తరు వేసి, రింగులు బిగించి ఇచ్చేది. అందరూ ఆమెను కర్టెన్లమ్మ అనే పిలిచేవారు. కిటికీ కొలవడానికి వచ్చిన మనిషిని ఎవరూ పట్టించుకోరు. స్టూలెక్కి నిలబడిన ఆమెకు మాత్రం ఇల్లంతా కనిపిస్తుంది. అలా కనిపించినవన్నీ భోజనాల దగ్గర ఆయనకు చెప్పేది.

"ఇవాళ ఒకావిడ గోడకు కర్టెన్ కావాలందండీ. కిటికీ ఉంది, కానీ అవతల ఎవరో ఇల్లు కట్టుకుని దాన్ని మూసేశారు. తెర తీస్తే ఇటుకలే. అయినా మంచి గుడ్డే కావాలట. పొద్దున్నే తీసి, చీకటి పడితే వేస్తుందట."

"ఊఁ."

"ఆ చిలక ఉన్న ఇల్లు చెప్పాను కదా. ఇవాళ నేను కూలి చెప్పగానే ఆ చిలక 'తగ్గించు, తగ్గించు' అని అరుస్తుంది. ఇంటాయన నోరెత్తలేదు. బేరమంతా చిలకే చేసింది. ఆఖరికి నేను తగ్గించాను!"

"ఊఁ."

కథ చెప్పేవాళ్లకు ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి నిజమే. కానీ ఆయన ఆ ఊఁ కథకు కొడుతున్నాడో, నీళ్లందుకోమంటున్నాడో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. గోడకు చెప్పుకున్నట్టుందని తనలో తాను విసుక్కునేది. మర్నాడు మళ్లీ చెప్పేది.

ఆదివారం భోజనం కాగానే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని "వస్తా" అని వెళ్లేవాడు. చదరంగానికి. బస్టాండు వెనక వీధిలో, టైర్ల దుకాణం మీద ఒక గది ఉందనీ అక్కడ కొందరు కూడతారనీ ఆమెకు తెలుసు. ఎదురెదురుగా ఇద్దరు నోళ్లు కుట్టేసుకుని కొయ్యముక్కలు జరుపుకునే ఆట. ఈయనకు తగినదే దొరికింది, అనుకునేది.

ఆయన కౌంటర్లో కూర్చున్నచోటే పోయాడు. ఎవరికో బస్సు వేళ చెబుతూ, మాట మధ్యలో ఆపి, బల్ల మీదకు వాలిపోయాడట. ఆ అడిగిన మనిషి కాసేపు అద్దం మీద కొడుతూనే ఉన్నాడట.

బంధువులు వచ్చి వెళ్లారు. చెల్లెలు కొన్నాళ్లుండి, పిల్లల పరీక్షలని తన ఊరికి వెళ్లింది. ఆ తర్వాత ఒక రోజు ఫోన్ వచ్చింది. పెద్దాయన గొంతు. "అమ్మా, మేం చదరంగం గదివాళ్లం. మీ ఆయన దగ్గర మా గది తాళంచెవి ఒకటి ఉండిపోయింది. తొందరేం లేదు. మీకు వీలైనప్పుడు..." అన్నాడు, ఎంతో మొహమాటపడుతూ.

తాళంచెవి చొక్కా జేబులోనే దొరికింది. ఆదివారం మధ్యాహ్నం దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఆమె టైర్ల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కింది. మెట్ల నిండా రబ్బరు వాసన. పైనుంచి కేకలు వినపడుతున్నాయి. ఎవరో కొట్టుకుంటున్నారనుకుని ఆగిపోయింది.

"ఏనుగును కూడా ఇచ్చేస్తే ఇంక నీ దగ్గర ఏం మిగులుతుందయ్యా? చిప్పా?"

"ఇవ్వాలనే కదా నేను మొత్తుకునేది! ఇస్తేనే బతుకుతాడు!"

"ఆ మాట రేడియో చెబితే నమ్ముతాను. నువ్వు చెబితే నమ్మను."

"రేడియో ఉంటే నీతో నాకు ఈ గోలెందుకు? రేడియో ఆగిపోయిన దగ్గర్నుంచీ ఈ గది గదిలా లేదు."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. కొన్ని బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పాత క్యాలెండరు. పడమటి కిటికీకి ఎండ రాకుండా న్యూస్‌పేపర్లు అంటించారు. అవి పసుపుపచ్చగా మారి, అంచులు ఊడి గాలికి కొట్టుకుంటున్నాయి. ఒక బల్ల చుట్టూ ముగ్గురు మగవాళ్లు నిలబడి ఉన్నారు. రేడియో కోసం ఆమె కళ్లు గదంతా తిరిగాయి. ఎక్కడా కనపడలేదు.

"రిపేరుకిచ్చారా?" అంది, ఏదో ఒకటి అనాలి కనుక.

ముగ్గురూ తిరిగి చూశారు.

"రేడియో... ఆగిపోయిందంటున్నారు కదా. నేను తాళంచెవి ఇద్దామని వచ్చాను. ఎంక్వయిరీ కౌంటర్లో చేసే ఆయన భార్యను."

కుర్చీ లాగిన చప్పుడైంది. ఫోన్ చేసినాయనే అందరిలోకీ పెద్ద, బళ్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన కుర్చీ తుడిచి ఆమె ముందు వేశాడు. మిగతా ఇద్దరిలో ఒకాయన మందుల షాపు నడుపుతాడు. రెండోవాడు బస్సు డ్రైవరు, వయసులో చిన్నవాడు. ఆ డ్రైవరు తలదించుకుని బోర్డు మీద లేని దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

"అమ్మా," అన్నాడు మాస్టారు, "రేడియో అంటే మీ ఆయనేనమ్మా. మేం ముద్దుగా పెట్టుకున్న పేరు."

"రేడియో ఏమిటి?"

"ఒకసారి మొదలెడితే ఆపడం మా తరమయ్యేది కాదు."

ఆమె నవ్వింది. పొరపాటు పడ్డారు పాపం, ఒకరి పేరు ఒకరికి పెట్టేశారు అనుకుంది. "మీరు వేరే ఎవరి గురించో చెబుతున్నట్టున్నారు. మా ఆయనకు నోట్లో నాలుకే లేదు."

"ఆయనే వదినా," అన్నాడు డ్రైవరు తలెత్తకుండానే. "ఎడం కనుబొమ్మ దగ్గర మచ్చ. ఆయనే."

తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోదామనుకుంది. కానీ కూర్చుంది.

వాళ్లు తమ గొడవేమిటో ఆమెకు చెప్పారు. ఎక్కడో పెద్ద టోర్నమెంటులో ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఆడిన ఆట అది. చివరి దశలో నల్లపావులవాడి రాజును తెల్ల ఏనుగు ఒక మూల బంధించేసింది. అతనికి మిగిలింది ముందుకు జరగలేని ఒక బంటు, ఒక ఏనుగు. తెల్లవైపు బంటు ఒకటి ఇంకొక్క గడి జరిగితే మంత్రి అయిపోతుంది. నల్లపావులవాడు చాలాసేపు బోర్డును చూసి, గడియారం ఆపి, చెయ్యి చాపి ఓటమి ఒప్పుకున్నాడు. పేపరువాళ్లు ఆ స్థితిని బొమ్మ వేసి, కింద "ఒప్పుకోవాల్సిందేనా?" అని ప్రశ్న పెట్టి వదిలేశారు. ఆ బొమ్మలోని పావులే ఇప్పుడు ఆ బల్ల మీద ఉన్నవి. ఆ రోజు నుంచి వాటినెవరూ తీయలేదు.

"ఒప్పుకోక ఏం చేస్తాడు? అంత పెద్ద ఆటగాడికి తెలియదా, మనకు తెలుస్తుందా?" ఇది మందుల షాపాయన మాట.

"పెద్దవాళ్లూ అలిసిపోతారు సార్. డ్యూటీ చివర్లో నాకు ఎదురుగా ఉన్న మలుపు కనపడదు. అలాంటిదే ఇదీ." ఇది డ్రైవరు మాట.

"మీ ఆయన ఈ బోర్డు చూసి తొడ చరిచాడమ్మా," అన్నాడు మాస్టారు. "'ఉందిరా దారి! వాడు తొందరపడి చెయ్యి చాపాడు!' అని ఒకటే నవ్వు. ఏమిటో చెప్పమంటే చెప్పడే. 'వచ్చే ఆదివారం చెబుతా, అందాకా బుర్రలు గోక్కోండి' అన్నాడు. ఆ ఆదివారం ఇంక రాలేదు."

ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. ఏం అడగబోతున్నారో ఆమెకు ముందే తెలిసిపోయింది.

"ఇంట్లో ఏమైనా అన్నాడా? మాటవరసకైనా?"

"మా ఇంట్లో ఆయన ఏమీ అనడండీ," అంది.

మాట మార్చడానికే కాబోలు డ్రైవరు అడిగాడు. "వదినా, ఆ చిలక ఇంటికి మళ్లీ వెళ్లారా?"

"ఏ చిలక?"

"అదే, బేరమాడే చిలక. 'మా ఆవిడ ఇవాళ చిలకతో బేరమాడి ఓడిపోయిందిరా' అంటూ వచ్చాడు ఆ రోజు. చిలక గొంతు ఒకటి, మీ గొంతు ఒకటి, నోరెత్తని ఇంటాయన మొహం ఒకటి. మాస్టారు నవ్వలేక దగ్గు తెప్పించుకున్నారు."

"గోడకు కర్టెన్ కుట్టించుకున్నావిడ బాగుందా అక్కయ్యగారూ?" అన్నాడు మందుల షాపాయన. "ఆవిడంటే నాకు జాలి. ఒకసారి అడగమన్నాను కూడా, ఎలా ఉందో."

అవును, ఒకసారి ఆయన "ఆ గోడావిడ?" అన్నాడు. ఆ రెండు మాటలు ఆమెకు గుర్తొచ్చాయి. ఏదో పరధ్యానంలో అన్నాడనుకుంది అప్పుడు.

"మీకు కోపం రాకపోతే ఒకటి చెబుతానమ్మా," అన్నాడు మాస్టారు కిటికీ వైపు చూపించి. "ఆ పేపర్లు చూడలేక, మీచేత ఒక తెర కుట్టించమని ఎన్నేళ్లో అడిగాం. అడిగాననీ, మీకు తీరిక చిక్కట్లేదనీ చెప్పేవాడు. పనుల మీద ఉంటారు, పాపం, అని మేమూ ఊరుకున్నాం."

ఆమె కిటికీ వైపు చూసింది. చూపుతోనే కొలత తీసేసింది, అది ఆమె ఆపుకోలేనిది. ఆ కిటికీ సంగతి ఆయన ఆమెకు ఒక్కనాడూ చెప్పలేదు.

ఇంటికి నడిచి వచ్చింది. వంటగదిలో నిలబడే ఉంది చాలాసేపు. మొగుడికి ఇంకో సంసారం ఉందని తెలిసిన ఆడదానికి కోపం ఎవరి మీద పడాలో తెలుస్తుంది. ఈమెకు అదీ తెలియలేదు. ఎవరి మీద పడుతుంది? ముగ్గురు పెద్దమనుషుల మీదా? ఒక చిలక మీదా? విన్నాడన్నమాట. ప్రతి మాటా చెవిన వేసుకున్నాడన్నమాట. ఆ తలుపు వెనక ఎవరున్నారు, ఈ సోఫా మీద ఎవరు అలిగి కూర్చున్నారు, అన్నీ మూటగట్టుకుని పోయి అక్కడ విప్పాడు. నవ్వు కూడా ఉందన్నమాట ఆయనకు. తను పోగుచేసి తెచ్చిన దానికి నవ్వంతా అక్కడ పంచిపెట్టి, తనకు ఒక ఊఁ మిగిల్చాడు.

ఆయన చొక్కాల జేబులు మరోసారి వెతికింది. కలం, దువ్వెన, నలిగిన చేతిరుమాలు. ఇంకేమీ దొరకలేదు. దొరుకుతుందని ఆమె అనుకోనూ లేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. భోజనం చేసింది, గిన్నెలు కడిగింది, చీర మార్చుకుంది. ఎక్కడికని తనను తాను అడగలేదు. గదిలోకి వెళ్లి, ఎవరూ రమ్మనకముందే ఆ బోర్డు ముందు కూర్చుంది.

"ఈ ఏనుగు ఎలా నడుస్తుందో చెప్పండి," అంది.

మందుల షాపాయన నీళ్లు నమిలాడు. ఆ గదిలోకి ఆడవాళ్లెవరూ వచ్చిన పాపాన పోలేదు. డ్రైవరు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఏనుగు నిలువుగా, అడ్డంగా, తిన్నగా పోతుందని మాస్టారు చూపించాడు. అది ఆమెకు ఇట్టే వచ్చింది, గుడ్డ మీద సుద్దగీత లాగినట్టే. గుర్రంతో మాత్రం పడలేదు. "తిన్నగా పోతూ పోతూ పక్కకు దూకడమేమిటి, దీనికేమైనా తిక్కా?" అంది. "ఆ తిక్కే దాని బలం వదినా," అన్నాడు డ్రైవరు. గుర్రం గడులు లెక్కపెట్టేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి. అది చూసి వాళ్లు నవ్వు దాచుకునేవారు.

రాజు సంగతి చెప్పిన రోజు ఆమె మాస్టారుతో వాదనకు దిగింది.

"రాజుకు చెక్ లేదమ్మా. కానీ జరగడానికి గడి లేదు. జరపడానికి వేరే పావూ లేదు. అప్పుడు ఆట డ్రా."

"కదల్లేకపోయాడు కదా. ఓడినట్టే కదా?"

"కాదు. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు."

"ఇదెక్కడి న్యాయం మాస్టారూ?"

"అదే మరి మావాడి వాదన," అని మధ్యలో దూరాడు డ్రైవరు. "చూడండి వదినా. నల్లరాజు ఎలాగూ మూలన ఇరుక్కున్నాడు, బంటూ కదల్లేదు. కదిలేది ఈ ఏనుగొక్కటే. దీన్ని తెల్లరాజు నెత్తి మీదకు తోలేస్తాను. తింటే నాకు కదలడానికి ఏమీ మిగలదు, డ్రా. తినకపోతే మళ్లీ చెక్, మళ్లీ చెక్. పిచ్చి ఏనుగు అంటాం దీన్ని. చావడానికే తిరుగుతుంటుంది, చంపేవాడు దొరకడు."

"తెల్లరాజు ఎక్కడికో ఒకచోటికి పోయి తలదాచుకుంటాడయ్యా," అన్నాడు మందుల షాపాయన.

"ఎక్కడికి పోతాడో చూపించండి మరి!"

అలా మళ్లీ మొదలయ్యేది. ఎవరికి వారే పావులు జరిపేవారు, చెయ్యి తీసేయమని అరుచుకునేవారు, మాస్టారు విసుక్కుంటూ మళ్లీ మొదటి స్థితికి సర్దేవాడు. ఆ గదిలో ఒక నియమం ఉంది. లోపలికి రాగానే ఫోన్లు గుమ్మం దగ్గరి అట్టపెట్టెలో వేయాలి. ఫోన్లో ఉండే చదరంగం యంత్రాన్ని అడిగితే క్షణంలో తేలిపోతుందని ముగ్గురికీ తెలుసు. "దాన్ని అడిగేస్తే ఇంక మనమెందుకు?" అనేవాడు మాస్టారు. కానీ అసలు సంగతి అది కాదని ఆమెకు త్వరలోనే తెలిసింది. ఆ చిక్కు విడనంతవరకు ఆయన మాట ఒకటి ఇంకా గదిలో మిగిలి ఉన్నట్టే. దాన్ని పోగొట్టుకోవడం వాళ్లకు ఇష్టం లేదు.

ఆమెకూ ఇష్టం లేదు. పనిలేని మధ్యాహ్నాల్లో ఇంట్లో బల్ల మీద సుద్దతో గడులు గీసుకునేది. రింగులు తెల్లపావులు, కొక్కేలు నల్లపావులు. పిచ్చి ఏనుగును ఒక్కొక్క గడీ నడిపించేది. ఎక్కడో ఒకచోట తొడ చరిచేటంత సంతోషం ఉందన్నారు కదా, అది ఎక్కడుందో చూద్దామని. ఆయన ఆలోచించిన దారిలో ఒక్కసారి, ఒక్క ఎత్తు దూరమైనా, ఆయన వెనక నడవాలని. కొక్కెం ఇటు పెట్టేది, అటు పెట్టేది. ఏదీ తేలక చేతులకంటిన సుద్ద చీరకు తుడుచుకుని లేచేది.

ఒక ఆదివారం మందుల షాపాయన వచ్చి కూర్చుని, ఆట మొదలెట్టకుండా మెడ రుద్దుకుంటూ ఉండిపోయాడు.

"ఏమైందయ్యా?" అన్నాడు మాస్టారు.

"నేనొక తప్పు పని చేశాను. షాపులో కూర్చుని, ఉండబట్టలేక, ఫోన్లో పెట్టి చూశాను."

డ్రైవరు కుర్చీలోంచి లేచాడు. "ఎవరడగమన్నారు మిమ్మల్ని?"

"ఏమంది?" అంది ఆమె.

ఆయన ఆమె మొహం చూడకుండా బోర్డు మీదకు వంగాడు. నల్ల ఏనుగు చెక్‌లు ఇస్తూ పోయింది. తెల్లరాజు తొందర లేకుండా, వీధిలో నడిచినట్టు, ఒక్కొక్క గడీ దాటుకుంటూ వెళ్లి ఒకచోట నిలబడ్డాడు. "ఇక్కడ చెక్ ఇచ్చామనుకోండి. రాజు తినడు. తెల్ల ఏనుగు వచ్చి తింటుంది. నల్లరాజును మూలన బంధించి ఉంచింది ఆ తెల్ల ఏనుగే. అది పక్కకు జరిగింది కనుక మన రాజుకు ఒక గడి దొరుకుతుంది. గడి దొరికితే ఇంక డ్రా లేదు."

"కదలడానికి చోటు దొరకడం వల్ల ఓడిపోతాడా?"

"అవును అక్కయ్యగారూ. వేరే దారి ఏదీ లేదంది. ఆ గ్రాండ్‌మాస్టర్ సరిగ్గానే ఒప్పుకున్నాడు."

డ్రైవరు మళ్లీ కూర్చుని నల్ల ఏనుగును చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే రేడియో పొరపాటు పడ్డాడు," అన్నాడు డ్రైవరు చివరికి. "ఆ ఒక్క గడి చూసుకోలేదు. అంతే. ఎవరికైనా జరుగుతుంది."

"పొరపాటేమీ కాదు. మనల్ని ఏడిపించడానికి అన్నాడు. దారీ లేదు, గీరీ లేదు. వచ్చే ఆదివారం వచ్చి 'ఏమీ లేదురా వెర్రివాళ్లారా' అనేవాడు," అన్నాడు మందుల షాపాయన.

"తొడ చరిచాడు సార్! నేను పక్కనే ఉన్నాను. అబద్ధానికి అలా చరుస్తారా ఎవరైనా?"

"నీకేం తెలుసు, నిన్ను ఎన్నిసార్లు ఇలాగే ఆటపట్టించలేదు!"

మాటకు మాట పెరిగింది. మాస్టారు ఇద్దరినీ చేత్తో ఆపి ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. కట్టుకున్నవారు. మనిషి ఎలాంటివాడో మీకంటే ఎవరికి తెలుస్తుంది? నిజంగా చూశాననుకున్నాడా, ఊరికే అన్నాడా?"

ఆమె ఆ పసుపు కాగితాల కిటికీ వైపు చూస్తూ అంది. "ఆ తెర కుట్టమని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు మాస్టారూ."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"మీరు అడిగారనీ చెప్పలేదు. నాకు తీరిక లేదని నేను అననూ లేదు. అడిగి ఉంటే ఆ రోజే కుట్టి ఉండేదాన్ని."

"అంటే అబద్ధ..." అని మొదలెట్టి మందుల షాపాయన ఆ మాట మింగేశాడు.

"అబద్ధమో, మొహమాటమో, నన్ను ఇక్కడికి రానివ్వకూడదనుకున్నాడో, నాకు తెలీదు. మీరు అడిగిందీ తెలీదు. మీకు తెలిసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదండీ." ఆమె గొంతు మామూలుగానే ఉంది. చీర కొంగు అంచును మాత్రం వేళ్లతో మడతపెడుతోంది, గుడ్డకు కుచ్చిళ్లు పెట్టినట్టు. "ఆయన ఎలా నవ్వేవాడు?"

ఎవరూ అనుకోని ప్రశ్న. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. బస్టాండులో ఆయనతో కలిసి తిరిగినవాడు కనుక మొదట వాడే మొదలెట్టాడు. తల వెనక్కి వేసి, గుక్క తిప్పుకోకుండా, మెట్ల మీద డబ్బా దొర్లినట్టు ఒక నవ్వు నవ్వాడు.

"అలా కాదయ్యా," అన్నాడు మందుల షాపాయన. "మొదట చప్పుడే ఉండదు. భుజాలు మాత్రం ఊగుతాయి. చివర్న వస్తుంది గొంతు." భుజాలు ఊపి చూపించాడు.

"అది నీ మందుల షాపులో నవ్వు. ఇక్కడ అలా నవ్వలేదు. ముక్కుతో మొదలెట్టేవాడు," అని మాస్టారు ముక్కుతో ఒక చప్పుడు చేయబోయి, దగ్గొచ్చి ఆగిపోయాడు.

ముగ్గురూ వంతులవారీగా నవ్వారు. ఒకరి నవ్వును ఇంకొకరు సరిదిద్దారు. "బల్ల కొట్టేది కుడిచేత్తో", "కాదు, ఎడమచేత్తో, కుడిచేతిలో పావు ఉంటుందిగా" అని పట్టుబట్టారు. ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ, చెవులు రిక్కించి విన్నది. వాటిలో ఏది అసలైన నవ్వుకు దగ్గరో తేల్చి చెప్పవలసిన మనిషి ఆమే. ఏదీ ఆమె ఎరిగిన గొంతులా లేదు. డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడు. మాస్టారు పావులన్నీ పెట్టెలోకి తోసి, బోర్డు ఖాళీ చేశాడు.

ఆ వారంలోనే ఆమె తెర కుట్టి పంపించింది. ఎండకు ఆగే దళసరి గుడ్డ, అస్తరుతో సహా. ఆ గదిలో మొదటిసారి, కాగితాల సందుల్లోంచి ఎండ కళ్లల్లో పడకుండా ఆట సాగింది. వాళ్లు తనను మెచ్చుకున్న తీరు చూసి ఆమెకు నవ్వొచ్చింది కూడా.

ఆదివారాలు ఇంకా వెళుతూనే ఉంది. ఆట అంతంతమాత్రం. మరీ తొందరపడి ఎత్తు వేస్తుందని మాస్టారు కోప్పడతాడు. డ్రైవరు తన డ్యూటీ మారినప్పుడల్లా రాడు, అప్పుడు గది చిన్నబోయినట్టుంటుంది. ఆ మధ్య ఒకరోజు వాళ్లు బతిమాలితే, ఇద్దరు అన్నదమ్ముల వాటాల మధ్య పడిన కిటికీ కథ చెప్పింది. ఒకే కిటికీకి చెరో సగం చెరో రంగు కావాలని పోట్లాడుకున్నారు. నడిమి రింగు ఎవరిదన్న దగ్గర పంచాయితీ ఆగింది. కథ మంచిదే. కానీ ఆమె చివరిది ముందు చెప్పేసింది, ముందుది మరిచిపోయి మధ్యలో అతికించింది. వాళ్లు మర్యాదకు నవ్వారు. ఇన్నాళ్లూ తను చెప్పింది ఇలాగేనా, ఇలాంటి దాన్ని పట్టుకెళ్లి ఆయన అంతలేసి కథలు చేశాడా అని ఆమెకు ఆశ్చర్యమేసింది. కొంచెం సిగ్గేసింది కూడా.

మొన్న సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఒక్కదానివే ఏం చేస్తావే అక్కడ? ఈ శనివారం బస్సెక్కి మా ఇంటికి రా. నాలుగు రోజులుండి పోదువుగాని."

"ఆదివారం కుదరదే."

"ఆదివారం నీకేం పనే?"

"ఆట ఉంది."

"ఆటేమిటే, ఈ వయసులో!" చెల్లెలు పకపకా నవ్వింది. నవ్వడం ఆపి, "బావ పోయింది మొదలు నువ్వసలు ఏడవలేదక్కా. నాకు అదే భయంగా ఉంది," అంది.

"ఎవరికోసం ఏడవాలో ముందు తెలియాలి కదే," అంది ఆమె. చెల్లెలికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఈమెకు తెలియలేదు. పిల్లల చదువుల గురించి, కొత్తగా అద్దెకు దిగినవాళ్ల గురించి ఇంకాసేపు మాట్లాడుకున్నారు.

ఫోన్ పెట్టేశాక ముందుగదిలో లైటు వేసింది. ఎవరివో పెద్ద హాలు కిటికీలకు గుడ్డ సగం కుట్టి ఉంది. కుర్చీ లాక్కుని, మిషన్ సూదిలోకి దారం ఎక్కించి, రెండో అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది.